కంచె లేని క్లస్టర్

2018 అక్టోబర్ 21న అమెరికా తూర్పు తీరంలో, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌హబ్ సంస్థవాళ్లు మొరాయిస్తున్న 100 గిగాబిట్ల ఆప్టికల్ పరికరం ఒకటి మారుస్తున్నారు. డేటా సెంటర్లలో రోజూ ఎక్కడో ఒకచోట జరిగే పనే. ఆ మార్పిడిలో వాళ్ల నెట్‌వర్క్ కూడలికీ ప్రధాన డేటా సెంటర్‌కీ మధ్య లింకు తెగింది. 43 సెకన్లలో మళ్లీ కలిసింది. మనకప్పుడు తెల్లవారుజామున 4 గంటల 22 నిమిషాలు. నిద్రలేచిన మనిషి చీకట్లో చెప్పులు వెతుక్కునేంత సేపు. ఆ కాసేపట్లో జరిగినదాన్ని చక్కదిద్దడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది.

ఏ సర్వరూ కాలిపోలేదు, ఏ డిస్కూ చెడిపోలేదు. ఎవరు బతికున్నారో ఎవరు పోయారో తేల్చే లెక్క దగ్గరే తేడా వచ్చింది. అక్కడి డేటాబేస్‌లను కనిపెట్టుకుని ఉండే ఆర్కెస్ట్రేటర్ అనే ప్రోగ్రాం పలుచోట్ల నడుస్తుంటుంది. తూర్పు డేటా సెంటర్ ఉలుకూ పలుకూ లేకపోయేసరికి మిగతా చోట్ల ఉన్నవి ఓట్లేసుకుని, మెజారిటీ తేల్చుకుని, మైఎస్‌క్యూఎల్ పెత్తనాన్ని పడమటి తీరానికి అప్పజెప్పేశాయి. ఎలా చెయ్యమని రాసిపెట్టారో అచ్చం అలాగే చేశాయి. కానీ లింకు తెగడానికి ముందు తూర్పున పడిన కొన్ని సెకన్ల రాతలు పడమటికి చేరలేదు. లింకు కలిశాక పడమట పడుతూ పోయిన రాతలు తూర్పున లేవు. ఖాతా పుస్తకాలు రెండయ్యాయి, దేంట్లో పద్దులు దానివే. బాగా రద్దీగా ఉండే ఒక్క క్లస్టర్‌లోనే అలా ఇరుక్కుపోయిన రాతలు 954. సైటు కుంటుతూ నడిచినా సరే, డేటా పోకూడదని వాళ్లు నిర్ణయించుకున్నారు. అందుకే అంత సమయం పట్టింది. ఆ నిర్ణయం సరైనదేనని నేనంటాను.

ఒక సర్వర్ పోతే ఇంకొకటి ఆ పని అందుకునేలా రెండో, నాలుగైదో యంత్రాలను జట్టు కట్టించడాన్నే హై అవైలబిలిటీ క్లస్టర్ అంటున్నాం. బ్యాంకు ఖాతాలు, రైలు టికెట్లు, ఆస్పత్రి బిల్లింగు, అన్నీ దీని మీదే నడుస్తున్నాయి. ఈ విద్యకు యాభై ఏళ్ల అనుభవం పోగుపడింది. దాన్నంతా ఒకసారి తిరగేస్తే నాకు తోచేది ఒకటే. రెండో సర్వర్ కొనడం ఎన్నడూ పెద్ద సమస్య కాలేదు. మొదటిది పోయిందని తేల్చడం ఎలా, తేల్చే హక్కు ఎవరిది అన్న దగ్గరే ఎప్పుడు చూసినా తంటా.

ముందు అంకెల సంగతి ముగించేద్దాం, ఎందుకంటే అమ్మేవాళ్లు అక్కడే మొదలుపెడతారు. ఏడాదిలో 99.9 శాతం సమయం పనిచేయడమంటే దాదాపు 8 గంటల 46 నిమిషాలు ఆగిపోవచ్చని. 99.99 అంటే 53 నిమిషాలు. 99.999 అంటే ఐదుంబావు నిమిషాలు. 99 శాతం నిలబడే సర్వర్లు రెండు పక్కపక్కన పెడితే 99.99 వస్తుందని స్లైడ్‌లో చూపిస్తారు. గుణకారం తప్పు కాదు. దాని అడుగున ఉన్న షరతులే ఎవరూ చదవరు. రెండూ ఒకే కారణంతో ఒకేసారి పడకూడదన్నది మొదటి షరతు. ఒకే ర్యాక్‌లో, ఒకే స్విచ్ కింద, ఒకే యూపీఎస్ మీద ఉండి, ఒకే రాత్రి ఒకే అప్‌డేట్ వేయించుకునే కవలల దగ్గర ఆ షరతు నెరవేరదు. పెత్తనం చేతులు మారడం ఎప్పుడూ సవ్యంగా జరుగుతుందన్నది రెండోది. ఈ వ్యాసమంతా ఆ రెండో షరతు గురించే.

ఈ రంగానికి పునాది వేసినవాళ్లలో టాండెం కంపెనీ ముందుంటుంది. 1974లో పుట్టి, 1976లో తన నాన్‌స్టాప్ యంత్రాన్ని సిటీబ్యాంక్‌కు అందించింది. ఆ పెట్టెలో ప్రతిదానికీ జోడీ ఉండేది. అదే కంపెనీలో పనిచేసిన జిమ్ గ్రే 1985లో కంప్యూటర్లు ఎందుకు ఆగిపోతాయి అన్న ప్రశ్న మీదే ఒక నివేదిక రాశాడు. ఖాతాదారుల దగ్గర యంత్రాలు ఆగిన సందర్భాలు పోగేసి లెక్క కడితే హార్డ్‌వేర్ వల్ల ఆగినవి 18 శాతమే. సాఫ్ట్‌వేర్ వల్ల 25. మనుషుల చేతిలోని నిర్వహణ వల్ల, అంటే మరమ్మతులు, ఆపరేషన్లు, కాన్ఫిగరేషన్ మార్పుల వల్ల, 42 శాతం. నలభై ఏళ్లు గడిచినా క్లస్టర్ల బడ్జెట్ ఫైళ్లు మాత్రం ఆ 18 శాతం చుట్టూనే తిరుగుతుంటాయి.

ఇంకో పాయ 1984లో డిజిటల్ కంపెనీ తెచ్చిన వాక్స్‌క్లస్టర్. విడివిడి యంత్రాలు ఒకే డిస్కులను పంచుకుంటూ ఒకే వ్యవస్థగా నడవడం అక్కడ స్థిరపడింది. కోరం అనే మాటను క్లస్టర్ల నిఘంటువులోకి గట్టిగా దించింది కూడా అదే. మన శాసనసభల్లో కోరం అంటే పదిమంది లేదా మొత్తంలో పదో వంతు, ఏది ఎక్కువైతే అది. సర్వర్ల సభలో అంత ఉదారత కుదరదు. సగం కంటే ఒక్క ఓటైనా ఎక్కువ ఉండాలి. పదో వంతుతో సరిపెడితే ఒకేసారి పది ప్రభుత్వాలు ఏర్పడతాయి మరి.

చిక్కు అంతా ఎక్కడ పుడుతుందో చూద్దాం. రెండు నోడ్లు, అంటే క్లస్టర్‌లోని యంత్రాలు, ఒకదానికొకటి క్షణక్షణం నేనున్నానని కబురు పంపుకుంటాయి. దీన్ని హార్ట్‌బీట్ అంటారు. 1990ల చివర్లో లైనక్స్ మీద ఆ పేరుతోనే ఒక సాఫ్ట్‌వేర్ వచ్చింది. దాని కడుపున పుట్టిందే ఇప్పుడు అందరూ వాడే పేస్‌మేకర్. గుండె వైద్యుల పేర్లు మనవాళ్లు బాగానే అరువు తెచ్చుకున్నారు, కానీ గుండె వైద్యుడికి ఉన్న సౌకర్యం ఇక్కడ లేదు. ఆయన రోగి చెయ్యి పట్టుకుని చూడగలడు. నోడ్‌కు తెలిసేది కబురు రాలేదన్న సంగతి ఒక్కటే. అవతలివాడు పోయాడా, పనిభారంలో పలకలేకపోతున్నాడా, మధ్యలో దారి తెగిందా అన్నది ఇవతలి నుంచి తేల్చడానికి దారే లేదు. ఇది ఇంజనీర్ల చేతగానితనం కాదు. సందేశాలు ఎంత ఆలస్యమవుతాయో హద్దు లేని వ్యవస్థలో, ఒక్క యంత్రం ఆగిపోయే వీలున్నా, అందరూ ఒక నిర్ణయానికి వచ్చి తీరతారని ముందుగా హామీ ఇవ్వలేమని ఫిషర్, లించ్, ప్యాటర్సన్ 1985లోనే గణితంతో నిరూపించారు.

మన సాక్ష్య చట్టం కూడా ఈ చిక్కులోనే పడి ఒక దారి చూసుకుంది. ఏడేళ్లపాటు అయినవాళ్లెవరికీ కబురు లేకపోతే ఆ మనిషి పోయినట్టు భావించవచ్చు. ఏడేళ్లు! పేస్‌మేకర్ కింద కబుర్లు మోసే కోరోసింక్ కొత్త వెర్షన్లలో మామూలుగా ఎదురుచూసేది 3 సెకన్లు. ఊళ్లో పోయాడనుకున్న అన్న తిరిగొస్తే ఏమవుతుందో తెలిసిందే. పొలం పంపకాలైపోయాయి, తమ్ముడు దున్నేస్తున్నాడు, అన్న కూడా నాగలి పట్టుకుని అదే చేలోకి దిగుతాడు. సర్వర్లలో దీన్నే స్ప్లిట్ బ్రెయిన్ అంటారు. ఒకే ఐపీ అడ్రసు, ఒకే డిస్కు, యజమానులు ఇద్దరు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత ఊరికే పుట్టలేదు. ఇద్దరూ ఒకే ఫైల్ సిస్టం మీద రాస్తే నిమిషాల్లో అది చెత్తకుప్ప అవుతుంది.

దీనికి విరుగుడే కంచె, అంటే ఫెన్సింగ్. కబురు రాని నోడ్ పోయిందా లేదా అని ఊహించడం మానేసి, దాన్ని మనమే పడగొట్టి, పడిందని రూఢి చేసుకుని, అప్పుడే దాని పని అందుకోవాలి. సర్వర్ బోర్డు మీద విడిగా ఉండే చిన్న కంట్రోలర్‌కు ఐపీఎంఐ లాంటి దారిలో చెప్పి కరెంటు తీయించడం ఒక పద్ధతి. ర్యాక్‌లోని పవర్ స్ట్రిప్‌కే చెప్పి ఆ సాకెట్ ఆపించడం ఇంకొకటి. అందరూ పంచుకునే డిస్కులో ఒక మూల మరణశాసనం రాసిపెడితే, అవతలి నోడ్ అది చదివి తనంతట తాను వాచ్‌డాగ్ చేత రీబూట్ అయ్యే ఎస్‌బీడీ మూడోది. లైనక్స్ లోకంలో ఈ పనికి పెట్టిన ముద్దుపేరు స్టోనిత్. అవతలి నోడ్‌ను నెత్తి మీద కాల్చెయ్ అనే ఇంగ్లిష్ వాక్యంలోని పొడి అక్షరాల కూర్పు. పేరు మోటే గానీ సిద్ధాంతం నికార్సైనది.

ఇక్కడే మనవాళ్లు చేసే మొదటి తప్పు. పేస్‌మేకర్ స్వతహాగా కంచె ఉండాల్సిందేనని పట్టుబడుతుంది. కంచె పరికరమేదీ రాసిపెట్టకపోతే ఏ సర్వీసునూ మొదలుపెట్టనని మొండికేస్తుంది. కొత్తగా నేర్చుకునే కుర్రాడు ఆ ఎర్రక్షరాలు చూసి వెతికితే, స్టోనిత్ ఆపెయ్యమనే ఒక్క వరుస ఆదేశం దొరుకుతుంది. అది కొట్టగానే అన్నీ పచ్చగా లేచి నిలబడతాయి. ల్యాబ్‌లో నేర్చుకోవడానికి అది సరిపోతుంది. ఆ ల్యాబ్ సెట్టింగే కాపీ అయి ప్రొడక్షన్‌లోకి దిగుతుంది.

నేను కళ్లారా చూసినదొకటి చెప్తాను. హైదరాబాద్‌లో ఒక పంపిణీ వ్యాపార సంస్థ, రెండు సర్వర్లు, మధ్య డిస్కు నకలు చేసే డీఆర్‌బీడీ, పైన డేటాబేస్. కంచె ఆపేసి ఉంది. ఒక మధ్యాహ్నం స్విచ్ ఒకటి తనంతట తాను రీబూట్ అయి, రెండు సర్వర్ల మధ్య దారి పోయింది. రెండూ తానే రాజునని ప్రకటించుకున్నాయి. ఒక అంతస్తు కంప్యూటర్లు ఒకదానికి, ఇంకో అంతస్తువి రెండోదానికి తగులుకున్నాయి. అలారం మోగలేదు, ఎందుకంటే రెండు చోట్లా అన్నీ పచ్చగానే ఉన్నాయి. దాదాపు రెండు గంటల తర్వాత, ఒకే నంబరుతో ఇద్దరు దుకాణదారులకు రెండు ఇన్‌వాయిస్‌లు వెళ్లాయని అకౌంట్స్ విభాగంలోని ఒకావిడ పట్టుకుంది. రెండు డేటాబేస్‌ల ప్రింటవుట్లు బల్ల మీద పరుచుకుని, ఎర్ర పెన్ను, నీలం పెన్ను పట్టుకుని ముగ్గురం రెండు రోజులు కలిపి కుట్టాం. క్లస్టరే లేకుండా ఒక్క సర్వర్ ఉండి అది ఆగిపోయి ఉంటే, ఓ గంట పని ఆగేది. అంతే.

కంచె కడితే సరిపోదు, ఎలా కట్టామన్నదీ చూడాలి. రెండు నోడ్ల క్లస్టర్‌లో కోరం అనే మాటకు అర్థమే ఉండదు. ఒకటి పోతే మిగిలేది సగమే, మెజారిటీ కాదు. అందుకని కోరోసింక్‌లో రెండు నోడ్లకు ప్రత్యేక మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు వాడితే, దారి తెగిన క్షణంలో రెండూ ఒకదాన్నొకటి ఒకేసారి కాల్చుకునే వీలుంది. ఒకటి కాల్చే కాల్పులకు నాలుగైదు సెకన్ల ఆలస్యం పెడితే రెండోది ముందే కాల్చి బతుకుతుంది. కాల్పులు తిన్న నోడ్ రీబూట్ అయి లేచి, అవతలివాడు కనబడట్లేదని మళ్లీ వాణ్ని కాల్చే చక్రం ఇంకో ప్రమాదం. అందుకే మొదటిసారి లేచినప్పుడు ఇద్దరూ ఒకరినొకరు చూసుకునేదాకా పని మొదలెట్టకూడదన్న నియమం ఆ మినహాయింపుతో పాటే అమల్లోకి వస్తుంది. దాన్ని విసుగనుకుని తీసేసేవాళ్లున్నారు, తీయకండి. వీలుంటే ఓటు మాత్రమే వేసే మూడో చిన్న యంత్రాన్ని వేరే చోట పెట్టుకోండి. డేటా మొయ్యక్కర్లేదు, తగువు తీరిస్తే చాలు.

ఐపీఎంఐని నమ్ముకున్నవాళ్లకు ఇంకో మాట. ఆ కంట్రోలర్ బతికేది అదే సర్వర్ కరెంటు మీద. సర్వర్‌కు కరెంటు పూర్తిగా పోతే కంట్రోలర్ కూడా పోతుంది. కాల్చానని చెప్పేవాడు ఉండడు కాబట్టి మిగిలిన నోడ్ పని అందుకోకుండా అలాగే నిలబడిపోతుంది. చూసేవాళ్లకు క్లస్టర్ పనిచెయ్యలేదనిపిస్తుంది. నిజానికి అది నిజాయితీగా ఆగింది. రెండో అంచెగా పవర్ స్ట్రిప్ కంచె కూడా రాసిపెట్టడమే దీనికి మందు.

ఇంత చెప్పాక కంచే చేను మేసిన కథ కూడా చెప్పాలి. అదీ గిట్‌హబ్‌దే. తమ తప్పులు దాచకుండా వివరంగా రాసుకున్న సంస్థ కాబట్టే పదేపదే దాని పేరు వస్తోంది. 2012 డిసెంబర్ 22, శనివారం. నెట్‌వర్క్ స్విచ్‌ల నిర్వహణలో ఏదో తేడా వచ్చి దాదాపు ఒకటిన్నర నిమిషం పాటు స్విచ్‌ల మధ్య రాకపోకలు స్తంభించాయి. అక్కడ ఫైల్ సర్వర్లు జంటలుగా, డీఆర్‌బీడీ, హార్ట్‌బీట్, పేస్‌మేకర్‌లతో నడుస్తున్నాయి. ప్రతి జంటలోనూ ఇద్దరూ అవతలివాడు పోయాడనుకుని కాల్పుల ఆదేశం పంపారు. నెట్‌వర్క్ ఆగి ఉంది కాబట్టి ఆదేశాలు దారిలోనే ఉండిపోయాయి. నెట్‌వర్క్ తేరుకోగానే రెండు వైపుల ఆదేశాలూ చేరిపోయాయి. చాలా జంటల్లో ఇద్దరూ కుప్పకూలారు. లేపాక ఎవరి దగ్గరున్నది తాజా నకలో ఒక్కో జంటనూ మనుషులే చూసి తేల్చుకోవాల్సి వచ్చింది. దీన్ని చూపించి కంచె వద్దనేవాళ్లతో నేను ఏకీభవించను. అప్పుడు సర్వీసు ఆగింది. కంచె లేకపోతే ఆ జంటలన్నీ ఇద్దరేసి రాజులతో రాసుకుంటూ పోయేవి. నేర్వాల్సింది ఇంకోటి. కంచె ఆదేశం వెళ్లే దారి, హార్ట్‌బీట్ వెళ్లే దారి ఒకటే కాకూడదు. ఇప్పటి కోరోసింక్ కబుర్లకు ఎనిమిది దారుల దాకా ఇచ్చుకోవచ్చు. రెండైనా ఇవ్వండి, అవి రెండు వేర్వేరు స్విచ్‌ల గుండా పోయేట్టు చూసుకోండి.

రోజువారీ నిర్వహణలో కాన్ఫిగరేషన్ ఫైలులోని పెద్ద పదాల కంటే చిన్న అంకెలే ఎక్కువ కీడు చేస్తాయి. డేటాబేస్ బాగానే ఉందా అని కొన్ని సెకన్లకోసారి అడిగే మానిటర్‌కు గడువు మరీ తక్కువ పెడితే, రాత్రి బ్యాకప్ నడిచేటప్పుడు జవాబు ఆలస్యమవుతుంది. ఆలస్యాన్ని క్లస్టర్ చావుగా లెక్కేసి సర్వీసును ఆపమంటుంది. బరువుతో ఉన్న డేటాబేస్ గడువులోగా ఆగదు. ఆగకపోతే ఆ నోడ్‌నే కాల్చేస్తుంది. బ్యాకప్ తీసుకోవడమే నేరమైపోయింది. వర్చువల్ మెషీన్లను ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు నడుస్తుండగానే మార్చేటప్పుడు పడే చిన్న విరామం కూడా ఇలాగే చావు కబురవుతుంది. పాత నోడ్ కోలుకోగానే సర్వీసు పరుగెత్తుకుంటూ దాని దగ్గరికే తిరిగిపోవడం మరో పాడలవాటు. ఉన్నచోట అంటిపెట్టుకునేలా స్టిక్కీనెస్ పెంచకపోతే ఒక ఆటంకం కాస్తా రెండవుతుంది.

గిట్‌హబ్‌కే 2012 సెప్టెంబర్‌లో ఇంకో అనుభవం. డేటాబేస్ టేబుల్ నిర్మాణం మార్చే పని భారంగా మారి, ఆరోగ్య పరీక్ష తప్పింది. క్లస్టర్ పెత్తనాన్ని రెండో సర్వర్‌కు ఇచ్చింది. దాని మెమరీలో ఇంకా డేటా ఏమీ వేడెక్కలేదు. వచ్చిన రద్దీకి అదీ నీరుగారి పరీక్ష తప్పింది. పెత్తనం మళ్లీ మొదటిదానికే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఆ ఘటనకు పెత్తనం తనంతట తాను చేతులు మారే ఆటోమేటిక్ ఫెయిలోవర్‌నే మూలకారణమనవచ్చని వాళ్లే ఒప్పుకున్నారు. ఆ క్షణంలో తమ ఆపరేషన్స్ బృందంలో ఎవర్ని అడిగినా మార్చవద్దనే చెప్పి ఉండేవారని కూడా రాసుకున్నారు. 2018 తర్వాతా ఇలాంటి సవరణే. ఒక తీరం నుంచి ఇంకో తీరానికి డేటాబేస్ పెత్తనం తనంతట తాను దాటకుండా ఆర్కెస్ట్రేటర్‌ను కట్టడి చేశారు. ఒకే ఆవరణలో యంత్రం నిర్ణయించవచ్చు, ఊళ్లు దాటే నిర్ణయం మనిషిదే అన్నది నేను కూడా నమ్మే సూత్రం.

డేటా గురించి పెద్ద గ్రంథమే రాయొచ్చు, నేను ఒక్క గొడవే ఎత్తుకుంటాను. నకలు వేరు, బ్యాకప్ వేరు. రెండో నోడ్‌లో ప్రతి అక్షరం క్షణాల్లో చేరుతుందంటే, చెరిపేసిన అక్షరం కూడా క్షణాల్లో చెరిగిపోతుందనే అర్థం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో రెండో డేటాబేస్ వెనకబడిపోతే, దాన్ని మళ్లీ నింపుదామని ఒక ఇంజనీర్ డైరెక్టరీ చెరిపేశాడు. చెరిపింది రెండోదాంట్లో కాదు, ప్రధాన సర్వర్‌లో. పొరపాటు గ్రహించి ఆపేసరికి దాదాపు 300 గిగాబైట్లలో మిగిలింది నాలుగున్నర. బ్యాకప్‌లు వెతికితే, రోజూ తీస్తున్నామనుకున్నవి వెర్షన్ తేడా వల్ల అసలు తయారే కావట్లేదని తేలింది. అదృష్టం కొద్దీ ఆరు గంటల కిందట ఎవరో తీసిపెట్టిన స్నాప్‌షాట్ ఒకటి దొరికింది. దాంతో లేచారు, ఆ ఆరు గంటల డేటా పోయింది. రికవరీ పనిని వాళ్లు యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశారు, దానికి మాత్రం గుండె ధైర్యం కావాలి. బ్యాకప్ అసలే లేకపోతే ఏమవుతుందో కొరియా చూపించింది. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్ ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీల నుంచి మంటలు లేచినప్పుడు 709 ప్రభుత్వ సేవలు దెబ్బతిన్నాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. దానికి వేరే చోట బ్యాకప్ లేదు.

పాత జంట సర్వర్ల పద్ధతికి పోటీగా నిలిచింది ఓట్ల పద్ధతి. లెస్లీ లాంపోర్ట్ రాయగా 1998లో అచ్చయిన పాక్సోస్ అందులో పేరుమోసింది. అర్థం కావడం కష్టమని అందరూ మొత్తుకుంటే, 2014లో ఒంగారో, ఔస్టర్‌హౌట్ సులువుగా బోధపడేలా రాఫ్ట్ తయారుచేశారు. కుబెర్నెటీస్ గుండెకాయ లాంటి ఈటీసీడీ నడిచేది రాఫ్ట్ మీదే. పోస్ట్‌గ్రెస్‌కు కాపలా కాసే పట్రోనీ కూడా నాయకుడెవరన్నది ఇలాంటి దుకాణంలోనే రాసిపెడుతుంది. నాయకత్వానికి కాలపరిమితి ఉంటుంది. కౌలు లాంటిది, గడువులోగా పొడిగించుకోలేకపోతే తనంతట తాను దిగిపోవాలి. కంచె పని ఇక్కడ కౌలు పత్రం చేస్తుంది. మూడు లేదా ఐదు నోడ్లు పెట్టుకోగలిగినవాళ్లకు ఇవాళ ఇదే మేలైన దారి అనడంలో నాకు సందేహం లేదు.

కానీ దీనికీ ఒక లోపముంది. 2020 నవంబర్ 2న క్లౌడ్‌ఫ్లేర్‌లో ఒక స్విచ్ చావకుండా బతకకుండా మధ్యలో ఆగింది. ఈటీసీడీ నోడ్లు మూడింట్లో ఒకటి, నాయకుడుగా ఉన్న మూడోదాన్ని చేరలేకపోయింది. ఇద్దరూ రెండోదానితో మాత్రం మాట్లాడగలుగుతున్నారు. నాయకుడు కనబడట్లేదని ఒకటోది ఎన్నికలు పెట్టడం, రెండోది అయోమయంలో పడడం, మళ్లీ ఎన్నికలు. ఎన్నికలు నడుస్తున్నంతసేపూ రాతలు బంద్. దాని పర్యవసానాలతో ఖాతాదారులు వాడే ఏపీఐ, డ్యాష్‌బోర్డు 6 గంటల 33 నిమిషాలు కుంటుపడ్డాయి. పూర్తిగా చచ్చిన యంత్రం కంటే కొనఊపిరితో ఉన్న యంత్రమే ప్రమాదమని పాత అడ్మిన్లు ఊరికే అనరు.

మన దేశంలో లక్షలమందికి అనుభవంలోకి వచ్చిన ఉదాహరణ జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజ్ (ఎన్ఎస్ఈ)ది. 2021 ఫిబ్రవరి 24, బుధవారం. మర్నాడు నెలవారీ ఎఫ్ అండ్ ఓ కాంట్రాక్టుల గడువు. ఉదయం 11.40 తర్వాత ట్రేడింగ్ నిలిచిపోయింది. ఇద్దరు టెలికాం సంస్థల లింకులు ఒకేసారి ఇబ్బంది పెట్టాయి. ఆ అస్థిరతకు స్టోరేజీ నెట్‌వర్క్ ఊహించని విధంగా ప్రవర్తించి, ప్రధాన సైట్‌లోని సర్వర్లకే డిస్కులు అందకుండా పోయాయి. రిస్కు లెక్కలు కట్టే వ్యవస్థ ఆగింది. అది లేకుండా ట్రేడింగ్ నడపకూడదు. వేరే చోటి నకలును కాపాడుకోవడానికి వేసిన ఏర్పాటే దగ్గరి డిస్కును కట్టిపడేసింది. వేరే ఊళ్లో విపత్తు కోసం పెట్టుకున్న డీఆర్ సైట్ సిద్ధంగా ఉన్నా దానికి మారలేదు. ప్రధాన సైట్‌నే బాగుచేసి సాయంత్రం 3.45కి తెరిచి 5 గంటల దాకా నడిపారు. పొజిషన్లు ఇరుక్కుపోయిన చిన్న మదుపరులు, హైదరాబాద్‌లో, విజయవాడలో బ్రోకర్లకు ఫోన్లు కొట్టినవాళ్లు, ఆ నాలుగు గంటలు మర్చిపోయి ఉండరు.

తర్వాతి నెలలోనే మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ కొత్త నియమం తెచ్చింది. కీలక వ్యవస్థ ఆగిన 30 నిమిషాల్లోగా అది విపత్తని ప్రకటించాలి. ప్రకటించాక 45 నిమిషాల్లో తిరిగి నిలబెట్టాలి. నాకు నచ్చింది మొదటి గడువు. బాగుచేద్దాం, ఇంకో పది నిమిషాలు చూద్దాం అనుకుంటూ గంటలు కరిగించే మనస్తత్వానికి గడియారం కట్టారు. ఊరు దాటి మార్చాలా వద్దా అన్న నిర్ణయం మనిషి చేతిలో పెట్టమని పైన అన్నాను. మనిషి చేతిలో పెట్టినప్పుడు ఆ మనిషి ఎవరు, ఎంతసేపట్లో చెప్పాలి, ఆయన ఫోన్ ఎత్తకపోతే తర్వాత ఎవరు అన్నది కూడా కాగితం మీద ఉండాలి. చాలా కంపెనీల్లో ఈ కాగితమే ఉండదు.

క్లౌడ్‌కు వెళ్తే ఇవన్నీ తీరిపోతాయా? అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్ తెరిచింది. మూడు అవైలబిలిటీ జోన్లు ఉన్నాయి, కరెంటు, నెట్‌వర్క్ వేటికవే. మూడో ఓటుకు మూడో చోటు ఎక్కడ తేవాలన్న పాత తలనొప్పి చాలావరకు తీరినట్టే. సర్వర్ కరెంటు తీయించే పని కూడా ఒక ఏపీఐ పిలుపుతో అవుతుంది. కానీ మీ మూడు వర్చువల్ మెషీన్లనూ ఒకే జోన్‌లో పెట్టుకుంటే మూడు జోన్లున్న ఊళ్లో ఉన్నా లాభం లేదు. మీ అప్లికేషన్ సెషన్లను ఒకే మెషీన్ మెమరీలో దాచుకుంటే ఏ క్లౌడూ కాపాడదు. కాన్ఫిగరేషన్ తప్పు మూడు జోన్లకూ ఒకే నిమిషంలో చేరుతుంది. జిమ్ గ్రే చెప్పిన 42 శాతం మీతోపాటే క్లౌడెక్కుతుంది.

చిన్న సంస్థలకు నా తీర్పు మొహమాటం లేకుండా చెప్తాను. కంచె పెట్టే స్తోమత, పరీక్షించే ఓపిక లేనప్పుడు రెండు నోడ్ల క్లస్టర్ జోలికి పోవద్దు. ఒక్క మంచి సర్వర్, వేరే చోట రోజూ చేరే బ్యాకప్, దాన్ని తిరిగి నిలబెట్టడం వచ్చిన ఇద్దరు మనుషులు. ఏడాదిలో రెండు గంటలు ఆగినా నష్టం లెక్కకు అందుతుంది. స్ప్లిట్ బ్రెయిన్ నష్టం లెక్కకు అందదు.

పెద్ద సంస్థలకు చెప్పాల్సింది ఎక్స్ఛేంజే చేసి చూపించింది. 2024 మార్చి 2, శనివారం, బజారుకు సెలవు రోజున ఎన్ఎస్ఈ ప్రత్యేకంగా ట్రేడింగ్ పెట్టింది. ఉదయం 9.15 నుంచి 10 గంటల దాకా ప్రధాన సైట్ నుంచి. ఆ తర్వాత 11.30 నుంచి 12.30 దాకా డీఆర్ సైట్ నుంచి. నిజమైన ఆర్డర్లు, నిజమైన డబ్బు. మీ క్లస్టర్‌లో నడుస్తున్న నోడ్ కరెంటు తీగను కావాలని పీకింది చివరిసారి ఎప్పుడో రిజిస్టర్ తెరిచి చూడండి. తేదీ దొరక్కపోతే ముందు బ్యాకప్ ఒకటి వేరే సర్వర్ మీద నిలబెట్టి సరిచూసుకుని, వచ్చే శనివారం ఆ పని పెట్టుకోండి.